తీగలు పడ్డాయి, రెండో లైనూ వచ్చింది. మరి గుంతకల్లు–రేణిగుంట మార్గంలో రైళ్లు ఇంకా ఎందుకు ఆగుతున్నాయి?

ప్రశ్న: పెన్న ఒడ్డు (ఎర్రగుంట్ల)

అందరికీ నమస్కారం. గుంతకల్లు నుండి గుత్తి, తాడిపత్రి, ముద్దనూరు, ఎర్రగుంట్ల, కడప, నందలూరు, కోడూరు మీదుగా రేణిగుంటకు పోయే ప్రధాన మార్గం గురించి రైల్వే పని తెలిసినవారిని అడగాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ముంబయి, చెన్నై నగరాలను కలిపే ఈ దారి 1871లోనే రాయచూరు దగ్గర పూర్తయిందని చదివాము. ఆవిరి ఇంజన్ల కాలం పోయింది, డీజిల్ ఇంజన్ల కాలమూ దాదాపుగా ముగిసింది, ఒంటి లైను జంట లైనయింది, పైన కరెంటు తీగలు పడ్డాయి. 2022లో ఈ మార్గంలో గరిష్ఠ వేగాన్ని గంటకు 130 కిలోమీటర్లకు పెంచినట్టు పత్రికల్లో కూడా వచ్చింది.

ఇన్ని జరిగిన తరువాత కూడా నేను ఎక్కే రైలు ఏదో ఒక చిన్న స్టేషన్లో పక్క లైనులోకి వెళ్లి నిలబడుతోంది. ఎదురుగా రైలు ఏదీ రాదు. కొంతసేపటికి వెనుక నుండి ఒక ఎక్స్‌ప్రెస్సు దూసుకుపోతుంది, ఆ తరువాత మాకు సిగ్నలు పడుతుంది. ఒక్కోసారి మా ముందు గూడ్సు ఉందని చెబుతారు. నా సందేహాలు రెండు. జంట లైను ఉండగా రైలు ఎందుకు ఆగవలసి వస్తోంది? వేగం పెరిగినా టైంటేబుల్లో ప్రయాణ కాలం అంత గట్టిగా ఎందుకు తగ్గలేదు? రాజకీయ నాయకుల మీద విమర్శలు కాకుండా, పని ఎలా జరుగుతుందో తెలిసినవారు వివరిస్తే సంతోషిస్తాను.

జవాబు: పాత కంట్రోలరు (గుంతకల్లు)

పెన్న ఒడ్డు గారూ, నేను సెక్షన్ కంట్రోలులో (ఏ రైలును ఎక్కడ ఆపాలో, ఎప్పుడు వదలాలో నిర్ణయించే చోట) పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని కాబట్టి ఈ ప్రశ్న నాకు బాగా పరిచయమైనదే. మీరు తీగలు, రెండో లైను, వేగం అనే మూడింటినీ ఒకే మూటగా కట్టి అడిగారు. ఆ మూడూ మూడు వేర్వేరు జబ్బులకు మందులు. మీరు చెప్పిన జబ్బు నాలుగోది.

ముందు తీగల సంగతి. విద్యుదీకరణ వల్ల వచ్చేది ప్రధానంగా లాగే శక్తి, ఖర్చులో ఆదా. పాతకాలపు డబ్ల్యూడీఎం-3ఏ డీజిల్ ఇంజను శక్తి 3,100 హార్స్‌పవర్. ఇప్పుడు గూడ్సులను లాగే డబ్ల్యూఏజీ-9 విద్యుత్ ఇంజను శక్తి 6,000 హార్స్‌పవర్‌కు పైమాటే. నిలిచిన రైలు వేగం అందుకోవడానికి పట్టే సమయం తగ్గుతుంది, ఎత్తులు ఎక్కేటప్పుడు గూడ్సు చతికిలబడదు. ఇంకొక లాభం ఉంది. ఒకప్పుడు చెన్నై నుండి రేణిగుంట వరకు మాత్రమే తీగలు ఉన్నందున అక్కడ విద్యుత్ ఇంజను విప్పి డీజిల్ ఇంజను తగిలించవలసి వచ్చేది. ఇంజను విప్పడం, కొత్తది వచ్చి తగలడం, బ్రేకు పరీక్ష చేయడం అన్నీ కలిపి ఎంత సమయం తినేవో, ఆ ప్లాట్‌ఫారం అంతసేపూ ఇంకొక రైలుకు దొరకకుండా పోయేదో అక్కడ పనిచేసినవారికి తెలుసు. ఆ బాధ పోయింది. అయితే తీగ ఉన్నంత మాత్రాన రైలు గరిష్ఠ వేగం పెరగదు. దాన్ని నిర్ణయించేవి పట్టాలు, వంపులు, వంతెనలు, సిగ్నళ్లు, పెట్టెల రకం.

రెండో లైను వల్ల పోయింది ఎదురు రైళ్ల కోసం ఆగడం, అంటే క్రాసింగ్. ఒంటి లైను మీద ఒక రైలు ఎదురు రైలుకు దారి ఇవ్వడానికి తప్పనిసరిగా ఎక్కడో ఒకచోట నిలవాలి. జంట లైనులో ఆ అవసరం లేదు. కానీ ఒకే దిక్కుకు పోయే రైళ్లలో వేగంగా వచ్చేదానికి నిదానంగా పోయేది దారి ఇవ్వడం అన్న పని మాత్రం ఎన్ని లైన్లు వేసినా, ఆ రెండు రకాల రైళ్లూ ఒకే పట్టా మీద నడిచినంతకాలం మిగిలే ఉంటుంది. మీరు చూస్తున్నది దాన్నే.

కంట్రోలు గదిలో మా ముందు పెద్ద చార్టు ఒకటి ఉండేది. అడ్డంగా గంటలు, నిమిషాలు, నిలువుగా స్టేషన్ల పేర్లు, దూరాలు ఉంటాయి. ప్రతి రైలూ దాని మీద ఒక ఏటవాలు గీత. ఎక్స్‌ప్రెస్సు గీత నిటారుగా లేస్తుంది, గూడ్సు గీత వాలిపోయి సాగుతుంది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఆ గీతలను పెన్సిలుతో గీసేవాళ్లం, తరువాత కంప్యూటరు తెర వచ్చింది. గీతలన్నీ ఒకే వాలులో ఉంటే చార్టులో ఎన్ని రైళ్లనైనా దగ్గరదగ్గరగా ఇరికించవచ్చు. వాలులు వేర్వేరుగా ఉంటే ఒక గీత ఇంకొక గీతను పొడుచుకుంటుంది. పొడుచుకునే చోట ఒక స్టేషను ఉండాలి, ఆ స్టేషన్లో లూప్ లైను, అంటే రైలును పక్కకు తప్పించి నిలిపే లైను, ఖాళీగా ఉండాలి. ఈ రెండూ కుదరకపోతే గూడ్సును ఇంకా వెనుక స్టేషన్లోనే ఆపి పెట్టాలి.

లెక్క వేసి చూపిస్తాను. 60 కిలోమీటర్ల ముక్క తీసుకుందాం. గూడ్సు గంటకు 75 కిలోమీటర్లతో ఎక్కడా ఆగకుండా పోయినా 48 నిమిషాలు పడుతుంది. గంటకు 110తో పోయే ఎక్స్‌ప్రెస్సుకు సుమారు 33 నిమిషాలు, అంటే తేడా 15 నిమిషాలు. ఇప్పుడు ఆ ఎక్స్‌ప్రెస్సునే 130తో పంపితే 28 నిమిషాల్లో పోతుంది. తేడా 20 నిమిషాలకు పెరిగింది. గూడ్సు ఆ దూరం పోయేదాకా ఎక్స్‌ప్రెస్సుకు అడ్డు కాకూడదంటే ఇంతకుముందు కంటే ఇంకా 5 నిమిషాలు ముందుగా బయలుదేరాలి, లేదా మధ్యలో లూపులోకి పోవాలి. వేగంగా పోయేవాటి వేగాన్ని మాత్రమే పెంచి, నిదానంగా పోయేవాటిని అలాగే వదిలేస్తే ఆ లైను మీద నడపగలిగే రైళ్ల సంఖ్య తగ్గుతుంది. దీన్ని బయటివారికి నమ్మించడం కష్టం. 130 వచ్చిందంటే అందరూ తొందరగా చేరుతారని అనుకుంటారు. మీ ప్యాసింజరు లాంటి మధ్యరకం రైలు మాత్రం మునుపటి కంటే ఎక్కువసార్లు పక్కకు తప్పుకోవలసి వస్తుంది.

లూపులోకి పోవడం కూడా అంత తేలిక కాదు. మామూలు 1 ఇన్ 12 పాయింట్ల (రైలు ఒక లైను నుండి ఇంకో లైనుకు మళ్లే చోటు; ఈ అంకె పెద్దదైతే మలుపు నిదానంగా ఉంటుంది) మీదుగా లూపులోకి తిరిగే రైలు గంటకు 30 కిలోమీటర్లకు మించకూడదు. పాత 1 ఇన్ 8½ పాయింట్లయితే 15 మాత్రమే. దాదాపు 700 మీటర్ల పొడవున్న గూడ్సు 15 కిలోమీటర్ల వేగంతో పాయింట్లు దాటి పూర్తిగా లోపలికి పోవడానికే మూడు నిమిషాలు కావస్తుంది. తోక దాటేదాకా మెయిన్ లైను ఖాళీ కాదు, వెనుక వచ్చే ఎక్స్‌ప్రెస్సుకు సిగ్నలు ఇవ్వలేము. ఎక్స్‌ప్రెస్సు పోయాక అయిదు వేల టన్నుల బరువును మళ్లీ కదిలించి 75కు తేవడానికి ఎంతసేపు పడుతుందో ఊహించుకోండి. అందుకే ఒక గూడ్సును ఒకసారి ఆపితే కంట్రోలరు చార్టులో దాని వెనుక నాలుగైదు గీతలు చెడిపోతాయి.

ఇక మన మార్గం ప్రత్యేకత. ఇక్కడ సరకు ఒకేచోట ఎక్కి ఒకేచోట దిగేది కాదు. దక్షిణాన ఓబులవారిపల్లె దగ్గర కృష్ణపట్నం ఓడరేవు లైను కలుస్తుంది. 2019 సెప్టెంబరులో వెంకటాచలం నుండి వచ్చే ఆ లైను ప్రారంభమైన తరువాత ఓడరేవు సరకు రేణిగుంట, గూడూరు చుట్టు తిరగకుండా నేరుగా మన లైను మీదికి వస్తోంది. ఆ చుట్టుపక్కలే మంగంపేట ముగ్గురాయి. ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీలు, కలమల్ల థర్మల్ కేంద్రానికి బొగ్గు, 2016లో మొదలైన నంద్యాల లైను. తాడిపత్రిలో మళ్లీ సిమెంటు. గుత్తిలో ధర్మవరం, డోన్ వైపుల నుండి వచ్చేవి. గుంతకల్లులో రాయచూరు, బళ్లారి, బెంగళూరు, గుంటూరు, చెన్నై అని అయిదు దిక్కులు. ఒక దిక్కు నుండి వచ్చి ఇంకొక దిక్కుకు మళ్లే గూడ్సు యార్డులో మెయిన్ లైనును అడ్డంగా కోసుకుంటూ పోవాలి. అది కోస్తున్నంతసేపూ రెండు వైపులా రైళ్లు సిగ్నలు దగ్గర నిలబడాలి. మధ్యలో ఎంత వేగంగా నడిపినా, చివరకు ఈ మెడ దగ్గరే అంతా వచ్చి చిక్కుకుంటుంది.

జవాబు: నాపరాయి (తాడిపత్రి)

కంట్రోలరు గారి వివరణ బాగుంది. అయితే అందరూ గూడ్సును అడ్డంకిగా మాట్లాడుతున్నారు కాబట్టి ఒక మాట. రైల్వేకు ఆదాయం ఎక్కువగా తెచ్చేది గూడ్సే. ప్యాసింజరు టికెట్టు ధర తక్కువగా ఉండటానికి కూడా అదే కారణం. 2020 సెప్టెంబరులో అనంతపురం నుండి ఢిల్లీలోని ఆదర్శనగర్‌కు కిసాన్ రైలు వేసినప్పుడు, మన చీనీ, టమాటా, అరటి రైతులు పెట్టెల్లో సరకు ఎక్కించి పంపారు. అదీ సరకు రైలే. పండ్ల రైలును ఎక్కడైనా లూపులో నాలుగు గంటలు ఎండలో పెడితే ఏమవుతుందో రైతును అడగండి. గూడ్సుకు కూడా టైం ఉంది, దాని వెనుకా మనుషులున్నారు.

రెండో సంగతి, తీగలు పడిన తరువాత మా ఊరి పక్క గేటు దగ్గర రోడ్డుకు రెండు వైపులా ఇనుప కమ్మీ అడ్డంగా పెట్టారు. శనక్కాయ కట్టె వేసుకున్న ట్రాక్టరు దాని కింద పట్టడం లేదు. కట్టెను దించి, మళ్లీ ఎక్కించి పోవలసి వస్తోంది. దాన్ని ఇంకొంచెం ఎత్తులో పెట్టకూడదా అని ఎవరిని అడిగినా కుదరదని అంటున్నారు. ఎందుకు కుదరదో తెలిసినవారు చెప్పండి.

జవాబు: ఓహెచ్‌ఈ పనివాడు (కడప)

నాపరాయి గారూ, నేను ఓహెచ్‌ఈ, అంటే పట్టాల పైని కరెంటు తీగల పని చేసేవాణ్ని. ఆ కమ్మీని హైట్ గేజ్ అంటారు. గేటు దగ్గర దాని ఎత్తు 4.67 మీటర్లు. తీగ దానికంటే పైనే ఉంటుంది కదా అని మీకు అనిపించవచ్చు. ఆ తీగలో ఉన్నది 25,000 వోల్టులు. ఇంట్లో కరెంటు లాగా తాకితేనే షాకు కొడుతుందని అనుకోకూడదు. చాలినంత దగ్గరికి పోతే గాలిలోంచే దూకుతుంది. అందుకే ఎవరైనా ఆ తీగలకు రెండు మీటర్ల లోపుకు పోకూడదని నియమం. కట్టె పచ్చిగా ఉన్నా, వానకు తడిసినా, లోడు మీద మనిషి కూర్చుని ఉన్నా ప్రమాదం ఇంకా ఎక్కువ. పైగా మట్టిదారి ఎత్తుపల్లాల్లో ట్రాక్టరు ఎగిరితే లోడు ఇంకో జానెడు లేస్తుంది. నిలిచిన గూడ్సు పెట్టె ఎక్కి సెల్ఫీ తీసుకోబోయి కాలిపోయిన పిల్లల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాము. వాళ్లలో చాలామంది తీగను ముట్టుకోలేదు. మీ ట్రాక్టరుకు సరైన దారి కింది వంతెన. అది కూడా వానాకాలంలో నీళ్లు నిలవకుండా కట్టినదైతేనే.

ఇక మొదటి ప్రశ్నకు నా వైపు నుండి కొంత కలుపుతాను. ప్రయాణికులు స్తంభాన్ని, తీగను చూస్తారు గాని ఆ తీగను వేసవిలో ఎలా బిగువుగా ఉంచుతామో గమనించరు. ఈసారి రైలు నిదానంగా పోతున్నప్పుడు కిటికీలోంచి చూడండి. కొన్ని స్తంభాలకు ఒక పక్కన ఇనుప దిమ్మలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కప్పీ మీదుగా వేలాడదీసి ఉంటాయి. కింద ఉండే తీగ రాగిది, దాని అడ్డుకోత 107 చదరపు మిల్లీమీటర్లు. ఇంజను మీద ఉండి కరెంటు తీసుకునే చట్రం, అంటే పాంటోగ్రాఫ్, రాసుకుంటూ పోయేది దానినే. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నానికి అది సాగుతుంది, డిసెంబరు తెల్లవారుజామున కుంచించుకుపోతుంది. తీగ సాగినప్పుడు దిమ్మలు కిందికి దిగి, కుంచించుకున్నప్పుడు పైకి లేచి దాని బిగువును ఒకే తీరున ఉంచుతాయి. వేగం పెరిగేకొద్దీ ఈ బిగువు ఎక్కువ కావాలి, లేకపోతే పాంటోగ్రాఫ్ ముందు తీగ అలలాగా లేచి మెరుపులు వస్తాయి. తీగను పట్టాల నడిమి గీత మీద సరిగ్గా వేయకుండా ఒక స్తంభం దగ్గర ఒక పక్కకు 20 సెంటీమీటర్లు, తరువాతి స్తంభం దగ్గర ఇంకో పక్కకు లాగి కడతాము. అలా కాకపోతే పాంటోగ్రాఫ్ మీది కార్బను పట్టీ ఒకేచోట అరిగి గాడి పడుతుంది.

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, తీగలు వేసి వదిలేస్తే సరిపోదు. వాటిని పరీక్షించడానికి, సరిచేయడానికి ఏదో ఒక సమయంలో కరెంటు తీసి, టవర్ వ్యాగన్ (తీగల ఎత్తుకు ఎక్కి పని చేసే బండి) నిలిపి, పని చేయాలి. దాన్ని పవర్ బ్లాక్ అంటాము. పట్టాల వాళ్లకు వాళ్ల బ్లాక్ కావాలి, సిగ్నలు వాళ్లకు వాళ్ల బ్లాక్ కావాలి. ముగ్గురం ఒకే సమయంలో దిగితే అందరికీ మంచిది. కంట్రోలు నుండి అలాంటి మూడు గంటల ఖాళీ దొరకడమే గగనం. లైను మీద రైళ్లు పెరిగినకొద్దీ ఆ ఖాళీ ఇంకా తగ్గుతుంది. ఖాళీ దొరకక పని వాయిదా పడితే ఆ చోట వేగ పరిమితి పెట్టి నడుపుతారు. మీ రైలు మైదానంలో అకారణంగా నిదానించినట్టు అనిపించే చోట్ల చాలా వాటికి ఇదే కారణం.

పాత మార్గానికి తీగలు వేయడంలో సొరంగాలు, పైవంతెనలు అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెడతాయి. తీగ పట్టడానికి చాలని పైవంతెనలను ఎత్తాలి, లేదా పట్టాలను దించాలి. కొత్తగా కట్టేటప్పుడు ఆ తలనొప్పి ఉండదు. ఓబులవారిపల్లె–వెంకటాచలం లైను మీద చెర్లోపల్లె, రాపూరు మధ్య వెలుగొండల్లో తొలిచిన 6.7 కిలోమీటర్ల సొరంగాన్ని మొదటి నుండే విద్యుత్ రైళ్ల కోసం గుర్రపు నాడా ఆకారంలో కట్టారు. పట్టా నుండి పైకప్పు 6.5 మీటర్లు, తీగ 5.2 మీటర్ల ఎత్తున ఉంటుంది.

ఇంకొక సంగతి, మన దారికి వేగం కంటే వాన పెద్ద పరీక్ష. 1902 సెప్టెంబరులో ముద్దనూరు దగ్గరి మంగపట్నం వద్ద వంక పొంగి వంతెన కొట్టుకుపోయి మెయిలు రైలు అందులో పడింది. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పొంగినప్పుడు నందలూరు, రాజంపేట మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అలాంటప్పుడు పట్టా మళ్లీ వేస్తే చాలదు. స్తంభాల పునాదులు కూడా చూసుకొని, తీగ బిగువు సరిచేసి, పరీక్షించి గాని విద్యుత్ రైలును పంపలేము. డీజిల్ కాలంలో ఈ రెండో పని ఉండేది కాదు. విద్యుదీకరణ వద్దని నా ఉద్దేశం కాదు, దానివల్ల పెరిగిన బాధ్యతను కూడా లెక్కలో వేయాలని మాత్రమే అంటున్నాను.

జవాబు: కొండారెడ్డి బురుజు నీడ (కర్నూలు)

మీకు జంట లైను మీద ఈ బాధ ఉంటే, మా కర్నూలు దారి సంగతి కూడా వినండి. మహబూబ్‌నగర్ నుండి డోన్ వరకు మాకు తీగలు ముందు వచ్చాయి, రెండో లైను వెనుకబడింది. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒకేసారి ఆమోదించిన ఏడు రైల్వే ప్రాజెక్టుల్లో ఈ ముక్క డబ్లింగ్ కూడా ఉంది. ఆ తరువాతి నెలలోనే కాచిగూడ–యశ్వంతపూర్ వందే భారత్ కర్నూలు, అనంతపురం, ధర్మవరం మీదుగా మొదలైంది. ఒంటి లైను మీద అంత వేగవంతమైన రైలు వస్తుంటే మిగిలినవన్నీ ముందుగానే స్టేషన్లలో ఒదిగి ఉండాలి. కంట్రోలరు గారు చెప్పిన ఏటవాలు గీతలు ఒంటి లైను మీద రెండు దిక్కుల నుండీ పొడుచుకుంటాయి. మాకు మెచ్చుకోదగ్గది ఒకటుంది. కవచ్ రక్షణ వ్యవస్థ దేశంలో చాలా పెద్ద మార్గాల కంటే ముందు సికింద్రాబాద్–కర్నూలు–డోన్–గుంతకల్లు దారికి వచ్చింది. ఎర్ర సిగ్నలు దాటబోయే రైలును అది తనంతట తానే ఆపుతుంది. అయితే అది భద్రత కోసం పెట్టినది, ఒంటి లైనును జంట లైను చేయలేదు.

తీగలు ముందు వేసి డబ్లింగ్ తరువాత చేయడంలో నాకు నచ్చని విషయం ఒకటుంది. రెండో లైను ఏ పక్కన వస్తుందో చూసుకొని మొదటే స్తంభాలను నాటకపోతే, తరువాత వాటిని పీకి జరపాలి. ఒకే పనికి రెండుసార్లు ఖర్చు, రెండుసార్లు బ్లాకులు. దేశమంతటా విద్యుదీకరణ వేగంగా జరిగిందని గర్వపడుతున్నాము, గర్వపడదగినదే. కానీ రద్దీ దారిలో డబ్బు పెట్టే వరుస ముఖ్యం. నన్నడిగితే ముందు రెండో లైను, దానితోపాటే తీగలు.

పెన్న ఒడ్డు (ఎర్రగుంట్ల)

అందరికీ ధన్యవాదాలు. నా మొదటి సందేహం తీరింది. మా రైలును దాటిపోయేవాటి మీద ఇకముందు అంత కోపం రాదేమో. కంట్రోలరు గారిని ఇంకొకటి అడుగుతాను. ఈ చిక్కు విడిపోవడానికి దగ్గరదగ్గరగా ఆటోమేటిక్ సిగ్నళ్లు పెడితే చాలునా, మూడో లైనే వేయాలా? టైంటేబుల్ గురించి అడిగిన రెండో సందేహం కూడా మిగిలిపోయింది.

జవాబు: పాత కంట్రోలరు (గుంతకల్లు)

ముందుగా ఓహెచ్‌ఈ పనివాడు గారు బ్లాకుల గురించి రాసినది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ మూడు గంటల ఖాళీ ఇవ్వలేక వాళ్లతో వాదులాడిన వాళ్లలో నేనూ ఒకణ్ని. కర్నూలు సోదరుని మాటతో మాత్రం పూర్తిగా ఏకీభవించలేను. నేల సేకరణ, వంతెనలు కలిసిన డబ్లింగ్‌కు ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ డీజిల్ మంటపెట్టుకుంటూ, రెండు చివర్లలో ఇంజన్లు మార్చుకుంటూ కూర్చోవడం కూడా నష్టమే. స్తంభాలను ముందుచూపుతో నాటాలన్నదాంట్లో ఆయనతో తగాదా లేదు.

ఆటోమేటిక్ సిగ్నళ్ల సంగతి. పాత పద్ధతిలో రెండు స్టేషన్ల మధ్య, ఉదాహరణకు పది కిలోమీటర్లలో, ఒక దిక్కున ఒక్క రైలే ఉండాలి. ముందుది అవతలి స్టేషను చేరేదాకా వెనుకది కదలదు. మధ్యలో ఒక సిగ్నలు పెట్టి దాన్ని రెండు ముక్కలు చేయవచ్చు. సుమారు కిలోమీటరుకు ఒకటి చొప్పున ఆటోమేటిక్ సిగ్నళ్లు పెడితే ఒకదాని వెనుక ఒకటి రైళ్లు వరుసగా పోతాయి. ఒకే వేగంతో పోయే రైళ్లకు ఇది వరం, అందుకే నగరాల్లోని లోకల్ రైళ్లకు బాగా పనికొస్తుంది. మన దగ్గర 130తో వచ్చే ఎక్స్‌ప్రెస్సును 75తో పోయే గూడ్సు తోకకు కిలోమీటరు దగ్గరికి తెచ్చినందువల్ల, అది కూడా అక్కడి నుండి 75తోనే పోవాలి. వరుస సన్నబడుతుంది గాని దాటడం తీరదు. కాబట్టి సిగ్నళ్లు కావాలి, కాని వాటితో అయిపోదు.

మూడో లైను వేస్తే గూడ్సును దానిమీదికి తప్పించవచ్చు. అది నిజమైన పరిష్కారం. దానికి కమలాపురం దగ్గర పాపాఘ్ని మీద, నందలూరు దగ్గర చెయ్యేరు మీద మళ్లీ వంతెనలు కట్టాలి, బాలపల్లె నుండి మామండూరు వైపు శేషాచలం అడవిలో స్థలం కావాలి, అటవీ అనుమతులు రావాలి. ఈలోగా తక్కువ ఖర్చుతో అయ్యేవి ఉన్నాయి. నా చేతిలో డబ్బు పెడితే మొదటి రూపాయి గుంతకల్లు, గుత్తి యార్డుల మీద ఖర్చు పెడతాను; ఒక దిక్కు గూడ్సు ఇంకో దిక్కు మెయిన్ లైనును కోయకుండా దాని మీదుగా దాటే రైలు వంతెన లేదా పక్కదారి వేయిస్తాను. రెండో రూపాయి లూపుల మీద. పాత పాయింట్ల చోట 50 కిలోమీటర్ల వేగానికి తట్టుకునే గట్టి పాయింట్లు వేసి, కొన్ని చోట్ల రెండు గూడ్సులు ఒకదాని వెనుక ఒకటి పట్టే పొడవాటి లూపులు వేస్తే, గూడ్సు మెయిన్ లైనును వదిలే సమయం సగానికి తగ్గుతుంది. మూడోది, ఎవరూ పెద్దగా పట్టించుకోనిది, గూడ్సు వేగం. ఖాళీ పెట్టెలు 100 వరకు పోగలవు, నిండినవి కూడా ఇంకొంచెం వేగంగా పోయేట్టు పెట్టెలు, పట్టాలు మెరుగుపరిస్తే నా చార్టులో వాలిపోయిన గీతలు కొంచెం నిటారుగా లేస్తాయి. ఎక్స్‌ప్రెస్సుకు 20 కిలోమీటర్లు పెంచడం కంటే గూడ్సుకు 15 పెంచడం ఈ లైనుకు ఎక్కువ మేలు చేస్తుందని నా గట్టి అభిప్రాయం.

టైంటేబుల్ విషయానికి వస్తే, 130 అన్నది ఆ వేగానికి తగిన పెట్టెలున్న రైళ్లకు, అదీ వంపులు, శాశ్వత వేగ పరిమితులు లేని చోట్ల మాత్రమే వర్తించే గరిష్ఠ వేగం. మీ రైలు పదిహేను, ఇరవై కిలోమీటర్లకు ఒకసారి ఆగేదైతే ఆ వేగం అందుకునేలోపే బ్రేకు వేయవలసి వస్తుంది. ఇంకొకటి, టైంటేబుల్ వేసేటప్పుడు నడిచే సమయానికి అదనంగా పట్టాల పనుల కోసం కొన్ని నిమిషాలు, రద్దీ కోసం కొన్ని నిమిషాలు కలుపుతారు. వాటిలో ఎక్కువ భాగాన్ని పెద్ద జంక్షనుకో, చివరి స్టేషనుకో ముందున్న ముక్కలో పెడతారు. మీ టికెట్టు యాప్‌లో గుంతకల్లుకు ముందున్న చిన్న స్టేషను నుండి గుంతకల్లుకు ఎంత సమయం వేశారో, తిరుగు ప్రయాణంలో గుంతకల్లు నుండి అదే స్టేషనుకు ఎంత వేశారో పక్కపక్కన పెట్టి చూడండి. దూరం ఒకటే అయినా వచ్చేటప్పుడు ఎక్కువ, పోయేటప్పుడు తక్కువ కనిపిస్తుంది. దారిలో ఆలస్యమైన రైలు జంక్షనుకు సరిగ్గా చేరిందని రాసుకోవడానికి పనికివచ్చే నిమిషాలు అవే. యార్డు చిక్కు తీరనంతవరకు వాటిని తీసివేయడానికి ఏ టైంటేబుల్ అధికారీ ఒప్పుకోడు, నేనైనా ఒప్పుకోను.